విస్కీ డిస్టిలరీలకు ఎండాకాలంలోనూ నీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, విజయవాడ ప్రాంతాల్లో కెమికల్ ఇంజినీరింగ్ చదువుతున్న విద్యార్థులు, కోల్డ్ స్టోరేజీలు, డెయిరీలు నడుపుతున్నవారు పరిశ్రమల నీటి గురించి తరచుగా అడిగే ప్రశ్నలకు ఇవి సమాధానాలు. స్కాట్లాండ్ విస్కీ పరిశ్రమను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. అక్కడ చాలా డిస్టిలరీలు ఒక్కో చిన్న వాగు మీదనో, ఒక్కో కొండ ఊట మీదనో ఆధారపడి నడుస్తాయి. వాతావరణంలో వచ్చిన మార్పు పెద్ద నదిలో కనిపించడానికి ముందే అటువంటి వాగులో కనిపిస్తుంది. ఇక్కడ చర్చ నీటి గురించే తప్ప మద్యపానం మంచిచెడ్డల గురించి కాదు.

విస్కీ తయారీలో ఇంత నీరు ఎక్కడ ఖర్చవుతుంది?

నీటిని మూడు పద్దులుగా విడదీసి చూడాలి. మొదటిది తయారీ నీరు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. దాన్ని మరపట్టి, కలిపిన ముద్ద 63, 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిచేలా వేడినీరు పోసి, తీపి రసాన్ని దింపుతారు. ఆ పిండి మీదనే ఇంకా వేడిగా ఉన్న నీటిని మళ్లీ మళ్లీ పోసి మిగిలిన చక్కెరను రాబడతారు. చివరిసారి దిగిన పలుచని నీటిని పారబోయరు, తర్వాతి విడతకు మొదటి నీరుగా దాచుకుంటారు. పొదుపు అనే మాట పరిశ్రమల్లో వినిపించడానికి చాలాకాలం ముందు నుంచే ఉన్న అలవాటు ఇది. ఆ రసాన్ని చల్లార్చి ఈస్ట్ కలిపితే రెండు మూడు రోజుల్లో దాదాపు 8 శాతం ఆల్కహాల్ ఉన్న వాష్ తయారవుతుంది. 8 శాతం వాష్ నుంచి ఒక లీటరు స్వచ్ఛమైన ఆల్కహాల్ రావాలంటే 12.5 లీటర్ల వాష్ కావాలి. అందులో అత్యధిక భాగం నీరే.

రెండో పద్దు శీతలీకరణ నీరు. వాష్‌ను రాగి పాత్రల్లో రెండుసార్లు మరిగించి, పైకి లేచిన ఆవిరిని కండెన్సర్‌లో చల్లార్చి ద్రవంగా మారుస్తారు. వాగు నీటిని కండెన్సర్ గుండా ఒక్కసారి పారించి తిరిగి వాగులోకే వదిలే పద్ధతిలో ఈ పద్దు తయారీ నీటికి అనేక రెట్లు ఉంటుంది. ఈ నీరు రాగి గొట్టానికి ఒక పక్క, సరుకు మరో పక్క ప్రవహిస్తాయి కనుక రెండూ ఎక్కడా కలవవు. మూడో పద్దు బాయిలర్‌కు, పాత్రలు కడగడానికి, పీపాల్లో నింపేముందు, సీసాల్లో పోసేముందు బలం తగ్గించడానికి వాడే నీరు. మొత్తంలో ఇది చిన్నదే.

డిస్టిలరీ ఆగిపోయిన సందర్భాల్లో సాధారణంగా ముందుగా చేతులెత్తేసేది రెండో పద్దు. నీటి భద్రత గురించి ఆలోచించేవారు సీసా మీద బొమ్మ వేసిన ఊట కంటే ముందు కండెన్సర్‌కు వచ్చే గొట్టాన్ని చూడాలి.

స్కాట్లాండ్‌లో ఎప్పుడూ వానే కదా, అక్కడ నీటి కొరత ఏమిటి?

పడమటి కొండల మీద కురిసే వానను చూసి దేశమంతటా అంతే కురుస్తుందనుకుంటాము. డిస్టిలరీలు గుంపుగా ఉన్నది ఈశాన్యాన, స్పే నదీ పరీవాహకంలో. సుమారు 50 డిస్టిలరీలు ఉన్న ఆ ప్రాంతం కొండలకు ఆవలి పక్కన ఉండటం వల్ల అక్కడ వాన తక్కువ. శీతాకాలంలో కెయిర్న్‌గార్మ్ కొండల మీద పేరుకున్న మంచు మెల్లగా కరిగి వసంతం చివరిదాకా వాగులను నిలబెట్టేది. ఆ మంచు తగ్గుతోంది. బ్రిటన్ వాతావరణ శాఖ 2018లో వెలువరించిన అంచనాల సారాంశం కూడా ఇదే. శీతాకాలాలు మరింత తడిగా, వేసవులు మరింత పొడిగా మారతాయి.

అదే 2018 వేసవిలో బెన్ రిన్నెస్ కొండ ఊటల మీద ఆధారపడిన గ్లెన్‌ఫార్క్లాస్ డిస్టిలరీ సుమారు ఒక నెల ఉత్పత్తిని కోల్పోయింది. 2022 ఆగస్టులో ఫైఫ్ ప్రాంతంలోని ఈడెన్ నది నుంచి, సరిహద్దులోని ట్వీడ్ నది దిగువ భాగం నుంచి నీరు తోడుకునే అనుమతులను ప్రభుత్వ సంస్థ తాత్కాలికంగా నిలిపివేసింది. అక్కడ ప్రధానంగా నష్టపోయింది రైతులే అయినా, అనుమతి పత్రం చేతిలో ఉంటే నీరు ఉన్నట్లేననే ధీమా ఆ రోజుతో పోయింది. 2025 వేసవిలో తూర్పు స్కాట్లాండ్ నదుల మీద మళ్లీ కొరత హెచ్చరికలు వెలువడ్డాయి.

డిస్టిలరీలు పూర్వం జూలై, ఆగస్టు నెలల్లో కొన్ని వారాలు పని ఆపి మరమ్మతులు చేసుకునేవి. దాన్ని మౌన రుతువు అనేవారు. గిరాకీ పెరిగిన తర్వాత ఆ విరామం కుదించుకుపోయి, నీరు అతి తక్కువగా ఉండే వారాల్లో కూడా ఉత్పత్తి సాగడం మామూలైంది. కొరతకు వాతావరణం ఎంత కారణమో, ఏడాది పొడవునా నడపాలన్న నిర్ణయమూ అంతే కారణమని నా అభిప్రాయం.

ఏడాది మొత్తంలో సరిపడా వాన పడితే చాలదా?

చాలదు. దీన్ని కృష్ణా జిల్లా, గుంటూరు జిల్లా పాఠకులకు విడమరచి చెప్పవలసిన పని లేదు. 2023లో శ్రీశైలం, నాగార్జున సాగర్ నిండలేదు. మరుసటి ఏడాది సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. ఆ లెక్కన 11 లక్షలంటే రోజుకు 95 టీఎంసీలు. బ్యారేజీ నిల్వ సామర్థ్యం 3 టీఎంసీల చిల్లర. అంటే ఆ ఉధృతిలో గంట లోపే బ్యారేజీ నిండిపోతుంది, మిగిలినదంతా హంసలదీవి వైపు సముద్రానికే. ఈ రెండేళ్ల సగటు తీసి బాగానే ఉందనుకుంటే 2023లో ఎండిన పొలానికి ఆ సగటు దేనికీ పనికిరాదు.

డిస్టిలరీకి కూడా అంతే. లెక్కించవలసినది ఏడాది సగటు ప్రవాహం కాదు, గత పాతిక ముప్పై ఏళ్లలో అతి తక్కువగా పారిన వారాల ప్రవాహం. ఇంజినీర్లు ఏడాదిలో 95 శాతం రోజులు దాటే ప్రవాహాన్ని కొలబద్దగా తీసుకుంటారు. మిగిలిన 5 శాతం అంటే 18 రోజులు. ఆ 18 రోజులు విడివిడిగా ఏడాదంతా చెదిరి వస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. అవి ఒక్క ఆగస్టులోనే వరసగా వస్తాయి కాబట్టే కర్మాగారం ఆగుతుంది.

వాగు నీరు వేడెక్కితే డిస్టిలరీకి ఏమవుతుంది?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు, అడగవలసినవాటిలో మాత్రం ఇది ముందుంటుంది. కండెన్సర్ తీసివేయవలసిన వేడి మారదు, దాన్ని మోసుకుపోయే నీరు ఎన్ని డిగ్రీలు వేడెక్కగలదన్నదే ముఖ్యం. నీరు 10 డిగ్రీల వద్ద లోపలికి వచ్చి 50 వద్ద బయటికి పోతే 40 డిగ్రీల పెరుగుదల. అదే నీరు ఎండాకాలంలో 20 డిగ్రీల వద్ద వస్తే పెరుగుదల 30 మాత్రమే, కనుక అదే పనికి మూడో వంతు ఎక్కువ నీరు కావాలి. వాగులో నీరు తగ్గిన రోజూ, నీరు వేడెక్కిన రోజూ దాదాపు ఒకటే. తక్కువ నీటిని ఎండ త్వరగా వేడి చేస్తుంది. ఒక పక్క సరఫరా తగ్గుతుండగా మరో పక్క అవసరం పెరుగుతుంది. ఈ రెండూ ఒకే వారంలో కలుసుకోవడమే అసలు ప్రమాదం.

మరో ఇరుకు కిణ్వనానికి ముందు వస్తుంది. 60 డిగ్రీలు దాటి ఉన్న తీపి రసాన్ని ఈస్ట్ కలిపేముందు 20 డిగ్రీల లోపుకో, ఆ దరిదాపులకో దింపాలి. చల్లార్చే నీరే 18 డిగ్రీలుంటే ఎంత పారించినా ఫలితం రాదు, సమయం మాత్రం పెరుగుతుంది. కొన్ని డిస్టిలరీలు అందుకే వేసవికి చిల్లర్ యంత్రాలు పెట్టుకున్నాయి. నీటి సమస్య అలా కరెంటు బిల్లుగా మారింది.

వాడిన నీరు వేడిగా వాగులోకి తిరిగి వెళ్లడం మూడో సంగతి. స్పే నది సాల్మన్ చేపలకు, మంచినీటి ముత్యపు చిప్పలకు రక్షిత ప్రాంతం. చల్లని, ప్రాణవాయువు నిండిన నీరు లేనిదే అవి బతకవు. కాబట్టి ఎంత నీరు తీసుకోవచ్చన్నదానికి ఒక హద్దు ఉన్నట్లే, ఎంత వేడి నీరు వదలవచ్చన్నదానికీ హద్దు ఉంటుంది. నదిలో నీరు పుష్కలంగా కనిపిస్తున్నా ఈ రెండో హద్దు వల్లనే ఉత్పత్తి తగ్గించవలసి రావచ్చు.

నీరు తోడుకోవడానికి అక్కడ అనుమతి ఎవరిస్తారు?

స్కాట్లాండ్ పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇస్తుంది. దాన్ని క్లుప్తంగా సెపా అంటారు. వాగు నుంచైనా, బోరు నుంచైనా రోజుకు 10 ఘనపు మీటర్లు, అంటే 10 వేల లీటర్లు మించి తోడాలంటే దాని వద్ద నమోదు చేసుకోవడమో, లైసెన్సు పొందడమో తప్పనిసరి. వేసవి నెలల్లో ఆ సంస్థ ప్రతి వారం నీటి కొరత నివేదిక ప్రకటిస్తుంది. ముందస్తు హెచ్చరిక, అప్రమత్తత, మధ్యస్థ కొరత, తీవ్ర కొరత అని నాలుగు మెట్లుంటాయి. ఒక్కో మెట్టు వద్ద ఏం చేయాలో పరిశ్రమ ముందే రాసి పెట్టుకోవాలి.

ఈ మెట్ల పద్ధతి మన దగ్గర కూడా ఉంటే బాగుంటుంది. మనకు భూగర్భ జలాలకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది, నది, కాలువ నీటికి జలవనరుల శాఖ అనుమతి, వదిలే నీటికి కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి కావాలి. అయితే ఎండలు ముదరడానికి ముందే వారంవారం కొరత స్థాయిని చెప్పి, ఎవరు ఎంత తగ్గించుకోవాలో సూచిస్తే మే నెలలో ఉన్నపళంగా మోటార్లు ఆపించే పరిస్థితి రాదు.

బోరు వేసుకుంటే సరిపోదా?

కొన్నిచోట్ల సరిపోతుంది. భూగర్భ జలం ఏడాదంతా ఒకే చల్లదనంతో ఉంటుంది కనుక అది విలువైన వనరే. కానీ స్పే పరీవాహకంలో చాలాచోట్ల అడుగున గట్టి రాయి, దాని పగుళ్లలో దొరికే నీరు పరిమితం. పైగా వాగుకు వేసవిలో ప్రాణం పోసేది ఆ ఊటే. పక్కనే బోరు వేసి తోడితే వాగు నుంచి తోడినట్లే అవుతుంది. మన బాపట్ల, రేపల్లె తీరంలో అయితే లోతుకు పోయేకొద్దీ ఉప్పునీరు ఎదురవుతుందని అక్కడి రైతులందరికీ తెలుసు.

వాగు ఎగువన చేయగలిగేది ఏమైనా ఉందా?

ఉంది. నాకు ఎక్కువ ఆశ కలిగించేది కూడా ఇదే. గ్లెన్‌లివెట్ డిస్టిలరీకి నీరిచ్చే కొండ వాగు మీద జేమ్స్ హట్టన్ సంస్థ పరిశోధకులు చెక్క దుంగలతో చిన్న చిన్న అడ్డుకట్టలు కట్టించి పరిశీలించారు. ఇవి నీటిని పూర్తిగా ఆపవు. మామూలు ప్రవాహం దుంగల సందుల్లోంచి, అడుగునుంచి సాగిపోతుంది. వాన జోరుగా పడినప్పుడు మాత్రం నీరు వెనక్కి నిలిచి, పక్కలకు పరచుకుని, నేలలోకి ఇంకుతుంది. ఆ ఇంకిన నీరు వారాల తర్వాత ఊటగా బయటికి వస్తుంది. పల్నాడులో వాటర్‌షెడ్ పనుల కింద వేసిన రాతికట్టలు, ఊట కుంటలు చూసినవారికి ఇందులో కొత్త ఏమీ కనిపించదు. తేడా ఒక్కటే: మన దగ్గర ఆ పని ప్రభుత్వ పథకంగా సాగుతుంది, అక్కడ నీరు వాడుకునే కంపెనీకే దాని మీద ఆసక్తి ఉంది.

గ్లెన్‌మోరాంజీ డిస్టిలరీ తన టార్లోగీ ఊటల చుట్టూ ఉన్న భూమిని కొనుగోలు చేసి, అక్కడ నిర్మాణాలేవీ రాకుండా కాపాడుకుంటోంది. పీట్ నేలల (కుళ్లిన మొక్కలు పేరుకున్న చిత్తడి నేలల) పునరుద్ధరణ ఇంకొక మార్గం. పొగ వాసన కోసం తవ్వి కాల్చే పీట్, తవ్వకుండా ఉంచితే కొండ మీది వాననీటి పరుగును నెమ్మదింపజేస్తుంది. ఒకప్పుడు ఎండగట్టడానికి అందులో తీసిన కాలువలను ఇప్పుడు పూడుస్తున్నారు. అయితే పునరుద్ధరించిన పీట్ వరదను తగ్గించినంత నమ్మకంగా ఎండాకాలపు ప్రవాహాన్ని పెంచుతుందని అనుకోకూడదు. రెండూ వేరువేరుగా కొలవవలసిన ప్రయోజనాలు.

కర్మాగారం లోపల నీటి వాడకాన్ని ఎంతవరకు తగ్గించవచ్చు?

స్కాచ్ విస్కీ అసోసియేషన్ 2021లో పెట్టుకున్న లక్ష్యం ప్రకారం ఒక లీటరు స్వచ్ఛమైన ఆల్కహాల్‌కు 12.5 నుంచి 25 లీటర్ల మధ్య నీటి వాడకం ఉండాలి. వాష్‌కే 12.5 లీటర్ల వరకు పడుతుందని పైన చూశాము కనుక, ఈ హద్దుల్లో ఇమడాలంటే శీతలీకరణ నీటిని తిప్పి తిప్పి వాడక తప్పదు.

మొదటి మార్గం కూలింగ్ టవర్. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పక్కగా వెళ్లినవారు చూసే ఉంటారు. వేడి నీటిని గాలిలో చిమ్మి, కొంత భాగం ఆవిరి కావడం వల్ల మిగిలినది చల్లబడేలా చేస్తారు. 6 డిగ్రీలు తగ్గడానికి సుమారు 1 శాతం నీరు ఆవిరవుతుంది. తోడే నీరు ఎంతో తగ్గుతుంది, నిజమే. కాని ఒక విషయం గమనించాలి. ఒకసారి పారించే పద్ధతిలో తీసుకున్న నీరు దాదాపు అంతా వాగుకు తిరిగి చేరుతుంది, టవర్‌లో ఆవిరైనది మాత్రం తిరిగి రాదు. వాగులో తోడే చోటుకూ వదిలే చోటుకూ నడుమ మేర ఎండిపోతున్నప్పుడు టవర్ మేలు. దిగువన ఇతరులకు నీరు చాలనప్పుడు ఆవిరి నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తోడిన నీరు, ఖర్చయిన నీరు ఒకటి కావు. వాటిని కలిపి రాసిన నివేదికలను నమ్మవద్దని విద్యార్థులకు నా సలహా.

రెండో మార్గం వేడిని వృథా చేయకపోవడం. కండెన్సర్ నీటిని 50 డిగ్రీలకు బదులు 80 డిగ్రీల వద్ద బయటికి తీస్తే పెరుగుదల 40 నుంచి 70కి చేరి, నీరు సగానికి దగ్గరగా తగ్గుతుంది. పైగా ఆ 80 డిగ్రీల నీరు తర్వాతి విడత వాష్‌ను ముందుగా వేడి చేయడానికి, పిండి కలిపే నీటికి పనికొస్తుంది. మరో అడుగు ముందుకు వేసి, ఆవిరినే యంత్రంతో నొక్కి ఉష్ణోగ్రత పెంచి తిరిగి స్టిల్‌ను, అంటే వాష్ మరిగించే రాగి పాత్రను, వేడి చేయడానికి వాడే పద్ధతిని గ్లెన్‌టాకర్స్ డిస్టిలరీలో ప్రయోగించారు. ఇంధనం మిగలడంతో పాటు చల్లార్చవలసిన వేడి కూడా తగ్గుతుంది. నీటిని పొదుపు చేసే ఉపాయాల్లో ఇంధనాన్నీ పొదుపు చేసేవాటికే మొదటి స్థానం ఇవ్వాలి, ఎందుకంటే వాటికి పెట్టిన డబ్బు కరువు రాని ఏడాదుల్లో కూడా తిరిగి వస్తుంది.

సముద్రపు ఒడ్డున ఉంటే ఇంకో దారి ఉంది. ఐలే ద్వీపంలోని కావోల్ ఈలా డిస్టిలరీ కండెన్సర్లకు సముద్రపు నీటినే వాడుతుంది.

నీరు మారితే రుచి మారుతుందా?

ఊట నీరే రుచికి మూలమన్నది ప్రచారంలో ఎక్కువ, ఆచరణలో తక్కువ. తయారీ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం, జింక్ ఈస్ట్ పనితీరును కొంత ప్రభావితం చేస్తాయి. సీసాల్లో నింపేముందు కలిపే నీరు తరచుగా లవణాలు తీసివేసినదే. శీతలీకరణ నీరు సరుకును తాకనే తాకదు. అందువల్ల ఆ పద్దుకు శుద్ధి చేసిన నీరు వాడితే రుచికి ముప్పేమీ లేదు.

అయితే నీటి చల్లదనం రుచిని మారుస్తుంది. ఆవిరి త్వరగా చల్లబడితే రాగితో దాని స్పర్శ తగ్గి, గంధకపు ఛాయ ఉన్న బరువైన సరుకు వస్తుంది. నెమ్మదిగా చల్లబడితే తేలికైనది వస్తుంది. డాల్‌విన్నీ డిస్టిలరీలో 1986లో పాతకాలపు వార్మ్ టబ్‌లను, అంటే చన్నీటి తొట్టెల్లో చుట్టలు తిరిగే రాగి గొట్టాలను, తీసేసి కొత్త కండెన్సర్లు పెట్టారు. రుచి మారిపోవడంతో 1995లో మళ్లీ తొట్టెలే పెట్టవలసి వచ్చింది. వార్మ్ టబ్‌లు నీటిని ఎక్కువగా తాగుతాయి. అటువంటి డిస్టిలరీకి నీటి పొదుపు పైపులు మార్చినంత సులభం కాదు.

విజయవాడ, గుంటూరు వాతావరణంలో ఈ లెక్కలు ఎలా మారతాయి?

కూలింగ్ టవర్ నీటిని గాలి వెట్ బల్బ్ ఉష్ణోగ్రత (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకె) కంటే కిందికి దించలేదు. మన కోస్తాలో ఎండకు ఉక్కపోత తోడైన రోజుల్లో అది 27, 28 డిగ్రీల దాకా ఉంటుంది. మంచి టవర్ పెట్టినా 31, 32 డిగ్రీల నీరే దొరుకుతుంది. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల నిర్వాహకులకు ఇది రోజువారీ అనుభవం. సరుకు లోపలికి చేరేది ఫిబ్రవరి నుంచి మే దాకా, సరిగ్గా ఎండలు ముదిరే నెలల్లో. అమ్మోనియా కండెన్సర్ గొట్టాల మీద జారే బోరు నీటిలోని సున్నం తెల్లని పెచ్చుగా గట్టిపడి, వేడి బయటికి పోకుండా అడ్డుపడుతుంది. ఒక్కోసారి ఆ పెచ్చును గీకి తీయడమే ఆ సీజన్‌లో చేయగల అతి పెద్ద నీటి పొదుపు. డిస్టిలరీ కండెన్సర్‌కూ ఇదే వర్తిస్తుంది.

మన దేశపు డిస్టిలరీలకు మరో బాధ్యత ఉంది. స్టిల్ అడుగున మిగిలే స్పెంట్ వాష్‌ను బయటికి వదలకూడదు, ముఖ్యంగా మొలాసిస్ వాడేచోట చుక్క కూడా వదలకుండా శుద్ధి చేసుకోవాలి. దాన్ని ఇగిర్చినప్పుడు వచ్చే ఆవిరి నీటిని మళ్లీ శుద్ధి చేసి టవర్‌కు వాడవచ్చు. కాలుష్య నియమంగా మొదలైనది నీటి వనరుగా మారిన సందర్భం ఇది.

పీపాల్లో ఏళ్లపాటు నిల్వ ఉంచే సరుకులో ఆవిరైపోయే వాటా కూడా నీటి లెక్కే. స్కాట్లాండ్‌లో అది ఏడాదికి 2 శాతం, బెంగళూరులో 10 శాతానికి పైనే. 10 శాతం చొప్పున ఐదేళ్లు పోతే మిగిలేది 59 శాతం. అంటే తయారీకి వాడిన నీటిలో ఐదింట రెండు వంతులు సీసా దాకా రానే రాలేదు.

తాగునీటికే కటకటలాడుతున్నప్పుడు డిస్టిలరీకి నీరు ఎందుకివ్వాలి?

ఇది న్యాయమైన ప్రశ్న. 2002 జాతీయ జల విధానం తాగునీటికి మొదటి స్థానం, సాగునీటికి రెండో స్థానం ఇచ్చి, పరిశ్రమలను తర్వాత ఉంచింది. ఆ వరస సరైనదే. పరిశ్రమ తన ప్రణాళికను ఆ వరసకు లోబడే తయారు చేసుకోవాలి. కాలువ కట్టేసే రోజులు ఏటా వస్తాయని తెలిసి కూడా, ఆ రోజులకు సొంత చెరువు తవ్వుకోకుండా, ఊరి మంచినీటి ట్యాంకర్ల మీద ఆధారపడటాన్ని నేను సమర్థించను. స్కాట్లాండ్ డిస్టిలరీల వేసవి విరామాన్ని ఇక్కడ ఏప్రిల్, మే నెలలకు మార్చుకుంటే సగం చిక్కు తీరుతుంది. మరమ్మతులు ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు చేయాలి.

ధాన్యం నీటిని కూడా మరచిపోకూడదు. స్కాట్లాండ్ బార్లీ చాలావరకు వానకే పండుతుంది. నూకలతో ఆల్కహాల్ తీస్తే దాని వెనక కిలోకు వేల లీటర్ల కాలువ నీరు ఉంటుంది. కర్మాగారం గేటు దగ్గర మీటరు చూపే అంకె దాని ముందు చాలా చిన్నది.

కొత్తగా యూనిట్ పెట్టేవారు ముందుగా ఏం కొలవాలి?

నీటి పరిమాణంతో పాటు దాని ఉష్ణోగ్రతను, ఒక ఏడాది పాటు రోజూ రాయాలి. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య తీసిన కొలత తప్పనిసరి, ఉదయం పూట తీసినది మోసం చేస్తుంది. తోడిన నీటికి, తిరిగి వదిలిన నీటికి, టవర్‌లో కొత్తగా నింపిన నీటికి వేరువేరు మీటర్లు పెట్టాలి. ఆ తర్వాత గత ముప్పై ఏళ్లలో కాలువ లేదా వాగు ఎక్కువ కాలం ఎండిన సందర్భాన్ని రికార్డుల్లో వెతికి, అన్ని రోజులకు సరిపడే చెరువును అంచనాలో చేర్చాలి. ఆ చెరువు ఖర్చు భరించలేనంతగా కనిపిస్తే, యూనిట్ సామర్థ్యాన్ని తగ్గించుకోవాలి లేదా స్థలం మార్చుకోవాలి. పునాది వేయకముందే ఆ నిర్ణయం తీసుకోవడం మేలు.